కరెంటు పోతే ఏం చేయాలి

కెన్యాలో ఎక్కడో ఒక లెక్కల మాస్టారు ఇంటర్నెట్ చర్చలో అడిగిన ప్రశ్నకు, వేదశ్రీ సోమవారం పొద్దున నంద్యాల ఆఫీసు మెట్లెక్కి వచ్చి బ్యాగు కింద పెట్టేలోపే పద్నాలుగు మంది నవ్వేశారు. ప్రశ్న కింద నవ్వు బొమ్మలు వరసగా కూర్చుని ఉన్నాయి. ఆయన అడిగింది ఇంతే: "మా ఊళ్లో కరెంటు పోయి వచ్చాక నా నోడ్ లేవడం లేదు. మీరు రాసిన ప్రకారమే ఫోల్డర్ తీసేశాను. పందొమ్మిది రోజులు దించుకున్నదంతా పోయింది. నేను ఎక్కడ తప్పు చేశాను?" దానికి ఒక పెద్దమనిషి ఒకే ముక్క జవాబు రాశాడు: "డాక్యుమెంటేషన్ చదివి రండి."

చదివే వచ్చాడు కదయ్యా, అనుకుంది వేదశ్రీ. ఆమెకు ఒళ్లు మండింది.

ఆ డాక్యుమెంటేషన్‌ను బాగుచేయడమే ఆమె పని. ఎరువుల దుకాణం పైన రెండు గదులు, ఆరు కుర్చీలు, ఒక నీళ్ల డ్రమ్ము ఉన్న ఆఫీసు అది. యజమాని రాజశేఖర్‌కు మూడు నెలల కింద, ఒక క్రిప్టో నాణెం నడిపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే బృందం నుంచి ఈ పని వచ్చింది. ఆ నాణేనికి బ్యాంకు లేదు. జరిగిన ప్రతి బదిలీ చిట్టా ప్రపంచంలో వేల కంప్యూటర్లలో నకళ్లుగా ఉంటుంది; నకలు ఉంచుకున్న ఒక్కో కంప్యూటర్‌ను నోడ్ అంటారు. సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, కానీ బృందంలోని పరిశీలకుడు ఒప్పుకుంటేనే ఆ దిద్దుబాటు నిలుస్తుంది. ఆ నాణేలు కొనమని వేదశ్రీ ఎవరికీ చెప్పదు, తానూ ఒక్కటి కొన్న పాపాన పోలేదు. నోడ్‌ను ఎలా పెట్టాలో, ఎలా నడపాలో, చెడితే ఎలా లేపాలో మనిషికి అర్థమయ్యేలా రాయడం మీదే ఆమెకు మోజు.

ఈ మోజుకు శుక్రవారం గడువు ఉంది. రాజశేఖర్ పోయిన వారమే తేల్చి చెప్పాడు.

"చూడు వేదా, మూడు నెలలు అయితాంది. వాళ్లు నీ పేజీ ఒక్కటన్నా తీసుకుంటే ఈ పని ఉంటుంది. శుక్రవారం సాయంత్రానికి తీసుకోకుంటే లేదు. నువ్వు మళ్ల ఇన్సూరెన్సు ఫారాలకు పోవాల. నన్ను తిట్టుకోవద్దు."

ఇన్సూరెన్సు ఫారాలు ఆమె రెండేళ్లు కొట్టింది. పేరు, వయసు, ఆసుపత్రి, జబ్బు. మళ్లీ పేరు, వయసు, ఆసుపత్రి, జబ్బు. ఆ రెండేళ్లలో తనదైన వాక్యం ఒక్కటి రాసిన గుర్తు లేదు. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోవడమంటే ఆమెకు నిజంగానే భయం.

మాస్టారు చదివిన పేజీని ఆమె తెరిచింది. మొదటి స్టెప్పు: నోడ్‌ను స్టాప్ కమాండ్‌తో ఆపండి. కరెంటు పోయి అది ఆగే ఉందో, మిషన్ వేయగానే సగం లేచి లోపల నడుస్తోందో మనిషికి ఎలా తెలుస్తుంది? రెండో స్టెప్పు: డేటా ఫోల్డర్ తీసేయండి. మూడోది: మళ్లీ మొదలుపెట్టండి. అంతే, చేతులు దులుపుకున్నారు. రాసినవాళ్ల ఊళ్లో కరెంటు పోదు, ఇంటర్నెట్ పరుగులు తీస్తుంది. మొత్తం తీసేసి మొదటి నుంచి దించుకోవడం వాళ్లకు ఒక రాత్రి పని. నిజానికి కరెంటు పోతే చెడేది చిట్టా కాదు, చిట్టాలో ఏది ఎక్కడుందో చెప్పే సూచిక మాత్రమే. సూచికను పక్కకు తీసి మళ్లీ కట్టుకోమంటే పూటలో అయిపోతుంది. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలుసు, రాసినవాళ్లకూ తెలుసు, పేజీకి మాత్రం తెలియదు.

సాయంత్రానికి ఆమె కొత్త పేజీ రాసి పంపింది. శీర్షిక సూటిగా పెట్టింది: కరెంటు పోతే ఏం చేయాలి.

పక్క కుర్చీలో కోడ్ రాసే శ్రీకాంత్ తొంగి చూసి నవ్వాడు. "ఎవరు చదువుతారు మే ఇవన్నీ? కోడ్ సరిగా ఉంటే చాలు. నేనైతే ఇంతవరకు ఒక్క పేజీ చదివింది లే."

అతను చెడ్డవాడు కాదు. టీ తెప్పిస్తే అందరికీ తెప్పిస్తాడు. కానీ ఆ మాట మాత్రం ఆమెకు గుచ్చుకుంది.

*

మంగళవారం మధ్యాహ్నం పరిశీలకుడి జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. "మంచి ఆలోచన. మీరు కాకుండా ఇంకెవరైనా ఈ పేజీ చదివి, నిజంగా కరెంటు తీసేసిన మిషన్‌ను లేపారా? లేపితే చెప్పండి, చూస్తాను."

ఆఫీసులో మెయిన్ స్విచ్ తీయొచ్చా అని ఆమె రాజశేఖర్‌ను అడిగింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. "నీకు దండం పెడతా తల్లీ. ఈడ మిషన్ల మీద ప్రయోగాలు వద్దు."

అప్పుడు ఆమెకు కృపావతి గుర్తొచ్చింది. తమ ఊరు ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్ల పక్కన జిరాక్సు, డీటీపీ దుకాణం కృపావతిది. వేదశ్రీ టైపింగ్ నేర్చుకున్నది అక్కడే. పెళ్లి కార్డులు, కరపత్రాలు, భూమి అర్జీలు, ఏది కావాలన్నా ఆమే కొట్టి ఇస్తుంది. ఇంగ్లీషు నిదానంగా చదువుతుంది కానీ తప్పు చదవదు. రాతిదుమ్ము పడకుండా కంప్యూటర్‌కు పాత చీర ముక్క కప్పి, పొద్దున్నే దాన్ని బయట దులిపి గానీ మిషన్ ముట్టదు. క్రిప్టో అంటే ఏమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. వేదశ్రీకి సరిగ్గా అలాంటి మనిషే కావాలి.

సాయంత్రం బస్సు దిగి నేరుగా దుకాణానికి వెళ్లింది. సంగతంతా విని కృపావతి అడిగింది ఒక్కటే.

"నా మిషన్‌కు ఏమీ కాదు కదా?"

"ఏమీ కాదక్కా. పరీక్షల కోసం పెట్టిన చిన్న చిట్టా ఇది. రాత్రికి దించిపెడతా. పొద్దున కరెంటు తీసేస్తాం. నువ్వు నా పేజీ చదివి లేపాల."

"కరెంటు పోయేదాకా కాసుకోవాల్నా?"

"అక్కర్లే. స్విచ్ పీకితే చాలు."

"అట్లయితే నేనే పీకుతా," అంది కృపావతి. ఆ పని ఆమెకు నచ్చింది.

బుధవారం ఏడున్నరకు ఆమె మెయిన్ స్విచ్ ఒక్క గుంజు గుంజింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. స్విచ్ పైకి నెట్టి, మిషన్ వేసి, వేదశ్రీ పేజీ తెరిచి, సొరుగులోంచి స్టీలు స్కేలు తీసింది. పెళ్లి కార్డుల ప్రూఫు ఆమె అలాగే చూస్తుంది. చదవాల్సిన లైను కింద స్కేలు ఆనించి, ఆ లైను అయ్యాకే కిందికి జరుపుతుంది. కింద ఏముందో ముందే చూస్తే కన్ను పరుగెత్తి తప్పులు దాటేస్తుందని ఆమె నమ్మకం. ఇరవై ఏళ్లలో వధూవరుల పేర్లు ఒక్కసారి కూడా తారుమారు కాలేదంటే ఆ స్కేలు పుణ్యమే.

మొదటి స్టెప్పు చదివింది, చేసింది, స్కేలు జరిపింది. రెండోది చదివింది, చేసింది, జరిపింది. మూడోది: పాత సూచిక ఫోల్డర్‌ను పక్కకు తీయండి. తీసింది. తెర మీద ఎర్ర అక్షరాలు వరసగా దిగడం మొదలైంది.

"అయ్యో, ఏం చేసినావక్కా!" వేదశ్రీ లేచి నిలబడింది. "నోడ్ నడుస్తాండంగ తీసినావే! మిషన్ వేస్తానే అది సగం లేచి లోపల నడుస్తాంటాది. ముందు దాన్ని ఆపాల. మంచి ఫైళ్లు గూడా చెడిపోయినాయి చూడు!"

"ఆపమని యాడుంది?"

"కింద రాసినా కదా, గమనిక అని! అంతా చదివి కదా చేయాల్సింది? రాసింది చదవకుండా చేస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

కృపావతి స్కేలు ఎత్తి చూసింది. నిజమే, ఆరో స్టెప్పు తర్వాత, పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది గమనిక. ఆమెకు కోపం వచ్చినట్టు కనిపించలేదు. గొంతు మాత్రం తగ్గింది.

"పైన ఉండేది పైన చదువుతా. కింద ఉండేది కింద చదువుతా. నువ్వు కింద పెట్టి ముందే చదవమంటే ఎట్ల మే?"

ఇంతలో ఎవరో ఆధార్ కార్డు జిరాక్సుకు వచ్చారు. కృపావతి స్కేలు సొరుగులో పెట్టి అటు తిరిగింది. వేదశ్రీకి నంద్యాల బస్సు వేళైంది. "పోయొస్తా" అంది. జిరాక్సు మిషన్ చప్పుడుకు అది కృపావతికి వినపడిందో లేదో తెలియలేదు.

బస్సు ఆళ్లగడ్డ దాటి పొలాల మధ్యకు వచ్చేసరికి, తానన్న మాట వేదశ్రీకి తన గొంతుతోనే మళ్లీ వినపడింది. అంతా చదివి కదా చేయాల్సింది. కెన్యా మాస్టారికి ఆ పెద్దమనిషి చెప్పింది ఇంతకన్నా ఏముంది? ఆయన ఒక ముక్కలో తేల్చాడు, తాను నాలుగు ముక్కల్లో, అదీ మొహం మీద చెప్పింది. పద్నాలుగు మంది నవ్వారని రెండు రోజులుగా రగిలిపోతున్న మనిషి, పదిహేనోదిగా తానే చేరింది. ఆమెకు ఎక్కడలేని సిగ్గు వేసింది. టికెట్ అడుగుతున్న కండక్టర్‌కు రెండుసార్లు ఆళ్లగడ్డ అనే చెప్పింది.

*

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తండ్రి శేషాద్రి వసారాలో చేట ముందు పెట్టుకుని చింతపండు ఈనెలు తీస్తున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు అహోబిలం గుడి మడపల్లిలో, అంటే వంటశాలలో, నైవేద్యాలు వండిన చేతులవి. మోకాళ్లు మొరాయించాక ఆళ్లగడ్డ వచ్చేశాడు కానీ చేతులు ఊరుకోవు.

కూతురు మొహం చూసి ఆయన చేట పక్కకు జరిపాడు. "ఏందమ్మా?"

ఆమె మొత్తం చెప్పింది. తాను అరిచింది కూడా దాచకుండా చెప్పింది. కంప్యూటర్ సంగతి ఆయనకు సగం ఎక్కలేదు, మిగతా సగం బాగా ఎక్కింది.

"నేను ఇంకొకరికి వంట వంతు అప్పజెప్పేటప్పుడు ఏం చేస్తాంటినో నీకు తెలుసునా?" అన్నాడు. "మడపల్లిలో మూతికి గుడ్డ కట్టుకునే కదా ఉంటాం. కొత్తోణ్ణి పొయ్యి కాడ నిలబెట్టి, నేను ఆ గుడ్డ విప్పకుండా ఎనక పీట మీద కూచుంటాంటి. పొయ్యి ఆరేదాకా నోరు తెరిచేది లే. వాడు యాడ ఆగినా, యాడ ఎనక్కి తిరిగి చూసినా, ఆడ నేను సరిగా నేర్పలేదన్నట్టు."

"ఉప్పు రెండుసార్లు వేస్తే నాయనా? అప్పుడన్నా చెప్పాల కదా?"

"వెయ్యనీ. అది దేవుని కుండ కాదు, నేర్చుకునే కుండ. నువ్వు పక్కనుండి చెప్తాంటే వాడు నీ నోరు నేర్చుకుంటాడు, పని నేర్చుకోడు. రేపు నువ్వు లేనప్పుడు ఏం చేస్తాడు?"

ఆమె నోట్‌బుక్కు తీసుకుని ఆయన పక్కనే కూర్చుంది. గమనికను పేజీ అడుగు నుంచి పైకి తెచ్చి రెండో స్టెప్పు చేసింది: ముందు నోడ్ నడుస్తోందేమో చూడండి, నడుస్తుంటే ఆపండి, ఆగిందని ఇలా తెలుస్తుంది. ఎంత చిన్న మార్పు! నాలుగు వాక్యాలు ఒకచోట నుంచి ఇంకోచోటికి పోయాయి, అంతే. తర్వాత ఆమెకు ఇంకో దిగులు పట్టుకుంది. రేపు పొద్దున కృపావతి దుకాణంలోకి రానిస్తుందా? రానిచ్చినా, పాడైన చిట్టా మళ్లీ దించుకోవాలంటే ఆరు గంటలు పడుతుంది. గురువారం పోతే మిగిలేది శుక్రవారమే.

గురువారం ఏడింటికే వెళ్లి దుకాణం ముందు నిలబడింది. కృపావతి చీర ముక్క దులుపుతోంది.

"అక్కా, నిన్న నేను అట్ల అని ఉండకూడదు. తప్పు నాదే."

"నీదే," అంది కృపావతి. చీర ముక్క మడిచి మూల పెట్టింది. "రాత్రి దుకాణం మూసేటప్పుడు మళ్ల దించుకోమని పెట్టి పోయినా. మొదటి రోజు నువ్వు ఎట్ల చేసినావో చూసింటి కదా. దిగింది. రా, స్విచ్ పీకుతా."

వేదశ్రీకి గట్టిగా కౌగిలించుకోవాలనిపించింది కానీ కృపావతి అలాంటివి ఒప్పుకునే రకం కాదు. చున్నీ తీసి మూతికి అడ్డంగా కట్టి, మెడ వెనక ముడి వేసుకుని, స్టూలు మీద కూర్చుంది.

"ఏందది? దుమ్మా?"

వేదశ్రీ తల అడ్డంగా ఊపి, కానివ్వమని చేయి చూపింది. కృపావతి ఒక్క క్షణం చూసి, ఈ పిల్లకు ఏదో అయింది అనుకున్నట్టు మొహం పెట్టి, స్విచ్ పీకింది.

తర్వాత గంటంబావు సేపు వేదశ్రీ పడ్డ కష్టం ఆమెకే తెలుసు. కృపావతి చేయి ఆగినప్పుడల్లా చున్నీ వెనక పెదవులు కదిలేవి. 'మీ ఫోల్డర్ పేరు' అని రాసిన చోట, అవే మాటలు అక్షరం పొల్లుపోకుండా కొట్టింది మహాతల్లి. తప్పు వచ్చింది, తలెత్తి వెనక్కి చూసింది. వేదశ్రీ నోట్‌బుక్కులో రాసుకుంది: ఇక్కడ ఉదాహరణ ఇవ్వాలి. తెర మీద అంకెలు కదలకుండా నిలిచిపోయినప్పుడు కృపావతి చేయి మౌస్ మీద గాల్లో ఆగింది, మళ్లీ వెనక్కి చూసింది. ఇది రాసుకుంది: ఇక్కడ పది నిమిషాలు ఏమీ కదలదు, భయపడొద్దని చెప్పాలి. అలా ఏడుచోట్ల ఆగింది. ఒకచోట విసుక్కుని, "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా మే?" అంది. వేదశ్రీ చున్నీ ముడి ఇంకాస్త బిగించుకుంది. కానీ రెండో స్టెప్పు దగ్గర మాత్రం స్కేలు తడబడలేదు. చదివింది, నోడ్ ఆపింది, ఆగిందో లేదో చూసుకుంది, కిందికి జరిపింది.

ఎనిమిదిన్నర దాటాక తెర మీద పచ్చ అక్షరాల్లో చిట్టా సరిగ్గా ఉన్నట్టు వచ్చింది. కృపావతి స్కేలు బల్ల మీద పెట్టింది.

"లేచింది," అంది, ఆవు ఈనిందన్నంత తృప్తిగా.

వేదశ్రీ చున్నీ విప్పి ఒక్కసారిగా గాలి పీల్చుకుంది. ఆ ఏడు చోట్లూ బస్సులోనే దిద్ది, నంద్యాల చేరేలోపు పేజీ పంపేసింది. ఎవరు పరీక్షించారని అడిగిన చోట పూర్తి వివరం రాసింది.

*

గురువారమంతా పరిశీలకుడి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. శుక్రవారం మధ్యాహ్నం దాటినా లేదు. రాజశేఖర్ తన గదిలోంచి రెండుసార్లు ఆమెవైపు చూసి, అడగకుండానే తల తిప్పుకున్నాడు. ఆ జాలి చూపే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. మూల ఇన్సూరెన్సు ఫారాల కట్టలు కొత్తవి వచ్చి ఉన్నాయి. ఆమె వాటివైపు చూడకుండా ఉండటానికి మూడుసార్లు నీళ్లు తాగింది.

మూడుంపావుకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఒక్కసారి కుయ్యిమని అది కూడా చల్లబడింది. శ్రీకాంత్ తల పట్టుకున్నాడు. అతని మిషన్‌లో ఉన్నది చిన్న చిట్టా కాదు, అసలుది. పన్నెండు రోజులు దించుకున్నది. సోమవారం బృందానికి చూపించాల్సిన కోడ్ దాని మీదే నడవాలి.

అరగంటకు కరెంటు వచ్చింది. శ్రీకాంత్ నోడ్ లేవలేదు.

"పాయె," అన్నాడు. "మళ్ల పన్నెండు రోజులు." కాసేపు తెలిసిన కమాండ్లు ఏవేవో కొట్టాడు. ఏదీ పలకలేదు. వేదశ్రీ పక్క కుర్చీలోనే ఉంది. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆమె పెదవి కొరుక్కుని తన తెర చూస్తూ కూర్చుంది.

శ్రీకాంత్ వెతుకుతూ వెతుకుతూ పరిశీలనలో ఉన్న పేజీల జాబితాకు చేరాడు. కరెంటు పోతే ఏం చేయాలి అన్నదాన్ని నొక్కాడు. ఎవరు రాశారో చూసే తీరిక అతనికి లేదు. మొదటి స్టెప్పు చేశాడు. రెండో స్టెప్పు దగ్గర చేయి ఆగింది. "ఓ, పని చేయకున్నా ఇది లోపల నడుస్తానే ఉందా?" అని తనలో తాను అనుకుని, నోడ్‌ను ఆపాడు. తర్వాత మరి ఆగలేదు. అంకెలు కదలకుండా నిలిచిన చోట కుర్చీకి చేరగిలబడి కాలు ఊపుతూ కూర్చున్నాడు. ఒక్కసారి కూడా పక్కకు తిరిగి అడగలేదు.

అయిదున్నరకు రాజశేఖర్ బయటికి వచ్చాడు. "ఏమైందప్పా నీ మిషన్?"

"లేస్తాంది సార్. సూచిక సగం కట్టుకునింది. రాత్రికి అయిపోతాది."

"పన్నెండు రోజులు అంటివి కదా! ఎట్ల చేసినావ్?"

"నేనేం చేసినా, ఈడ రాసుంది కదా, అట్లే చేసినా," అని తెర చూపించి, అప్పుడు చూశాడు శ్రీకాంత్, శీర్షిక కింద ఉన్న పేరు. ఒకసారి పేరు చూశాడు, ఒకసారి పక్క కుర్చీ చూశాడు. "ఇంతసేపు ఈడనే ఉండావు. ఒక్క మాట చెప్పలే?"

"చెప్తే నువ్వు చదవవు కదన్నా," అంది వేదశ్రీ.

శ్రీకాంత్ పెద్దగా నవ్వేశాడు. అప్పటికప్పుడు ఆ పేజీ చర్చలో రాశాడు: తాను కోడ్ రాసేవాడినని, ఇప్పుడే నిజంగా కరెంటు పోయిందని, ఎవరినీ అడగకుండా పేజీ చదివి నోడ్ లేపుతున్నానని. రాయడం అయ్యాక, వేదశ్రీ అడగకుండానే, ఆమెకు టీ తెప్పించాడు.

పావు తక్కువ ఏడుకు ఆమె నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఎక్కుతుండగా ఫోను మోగింది. పరిశీలకుడు పేజీని తీసుకున్నాడు. కింద రెండు వాక్యాలు రాశాడు: "నిన్న మీ పేజీ ప్రకారం నా మిషన్‌నూ ఆర్పి లేపి చూశాను, అందుకే ఆలస్యమైంది. పాత పేజీ రాసింది నేనే." ఆమె మెట్టు మీదే నిలబడిపోయింది. వెనకాయన "ఎక్కమ్మా, లేదంటే దిగు" అనేదాకా ఆమెకు బస్సు సంగతే గుర్తులేదు.

కిటికీ పక్క సీటు దొరికింది. ఫారాల కుర్చీ లేదు, సోమవారం మళ్లీ ఇదే పని. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, చున్నీతో కళ్లు ఒత్తుకుంది. ముందు రాజశేఖర్‌కు మెసేజ్ పెట్టింది. తర్వాత కృపావతికి ఫోన్ చేసింది. అవతల జిరాక్సు మిషన్ చప్పుడు, ఎవరో బేరమాడుతున్న గొంతు.

"అక్కా, పేజీ తీసుకున్నారు!"

"మంచిదాయె. ఉంటా మరి, గిరాకీ ఉండారు."

"ఆగక్కా. అందులో నీ పేరు గూడా ఉండాది. పరీక్ష చేసింది నువ్వు అని రాసినా. నీ వల్లనే ఏడు తప్పులు దొరికినాయని రాసినా. లోకంలో ఎవరు తెరిచినా కనపడతాది."

జిరాక్సు మిషన్ ఆగింది.

"తప్పులు నేను చేసినానని రాసినావా?"

"లేదక్కా. నేను చేసినవి, నువ్వు పట్టినావని రాసినా."

"ఊ. పేరు పక్కన ఊరు గూడా రాసినావా?"

"రాసినా. కృపావతి, ఆళ్లగడ్డ."

"మంచి పని చేసినావ్," అంది కృపావతి. "లేకుంటే ఏ కృపావతో అనుకుంటారు."